న్యూట్రల్

హార్స్‌లీ కొండ మీద మూతబడిన రిసార్టోళ్లు
నాలుగు చక్రాల కొండబండ్లు మూడు వేలం పెడితే
పాత ఇనుము ధరకు పాడుకొచ్చినాడు ఇంతియాజు.
పలమనేరులో, తన రేకుల షెడ్డులో
ఆర్నెల్లు వాటి పేగులు తీసి కిరసనాయిల్లో కడిగి
మళ్లీ కడుపులో సర్దినాడు.
ఒకదానికి టిల్లరు సైలెన్సరు.
ఒకదానికి ఆటో సీటు.
మూడోదానికి ఏ వంకా లేదు, బ్రేకులు తప్ప.

అది నాకిచ్చినాడు.

ఆదివారం. ఇంకా కోడి కూయలేదు.
మూడు బండ్లు, నలుగురం.
గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి అట్నే వచ్చిన చెంగల్రాయులు,
ఒళ్లంతా తోతాపురి వాసన.
వాడి వెనక సద్దిమూట ఒళ్లో పెట్టుకుని రెడ్డెప్ప.
సంగటి ముద్దలు ఆరు, ఊరిబిండి, ఎర్రగడ్డలు.
"నేను పడినా పర్లేదు నాయనా, బిండి ఒలకనీకండి."

ఈ బండికి యాక్సిలేటరు మణికట్టులో లేదు.
కుడిచేతి బొటనవేలి కింద చిన్న మీట,
వేలిముద్ర ఏసినట్టు ఒత్తాల.
మా తాత అప్పుకాయితం మీద ఒత్తితే పొలం పోయింది.
నేను ఒత్తితే
చెట్లన్నీ ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తినాయి.

ముసలిమడుగు దగ్గర వాచరు నాదముని ఆపినాడు.
టూల్ డబ్బా తెరిపించి, సీట్ల కింద తడిమి,
ఎర్రచందనం లేదని నమ్మినాక చెప్పినాడు:
"కందకానికి ఇవతలే తిరుక్కోండి.
అవతల నాది కూడా కాదు."

ఆడికి తారు అయిపాయ.
ఇంక దారి అనేది మేకలు చెప్పిందే.
పరికి కంప చొక్కా పట్టుకుని లాగుతుంది,
అన్నం తినిపోమనే చుట్టం మాదిరి.
గుండెక్కితే ఆకాశం, దిగితే ఇసుక,
నడాన కడుపు యాడుందో తెలీదు.
చెంగల్రాయులు అరుస్తా ఉన్నాడు,
ఏమని అరుస్తాడో వాడికే తెలీదు,
వారమంతా ఒక మిషను మోతలో మింగిన మాటలు
ఇంకో మిషను మోతలో కక్కుతున్నాడు.
పది గంటలకు అందరి ముఖాలూ ఒకే రంగు.
ఎవరు ఎవరో పండ్లు చూసి గుర్తుపట్టాల.

కౌండిన్య ఏటికి ఇవతల, కందకం కట్ట మీద
నా బండి ఆగిపాయ.
ఇంతియాజు ఆపి దిగినాడు. రాయులూ ఆపినాడు.
అప్పుడు వినబడింది
పొద్దుట్నుంచీ మేము వినకుండా చేసిన అడవి.
యాడో ఒక కముజు పిట్ట.
ఎండు వెదుర్లు ఒకదాన్నొకటి రుద్దుకునే కిర్రు.

కిందికి చూస్తే కందకం ఒకచోట పూడి ఉంది,
అవతలి మన్ను తోసి చేసుకున్న బాట.
ఇవతలి గట్టు మీద
బుట్టెడు పేడ.

ఇంతియాజు మోకాళ్ల మీద కూర్చుని
సిలిండరు మీద పెట్టినట్టే అరచెయ్యి పెట్టినాడు.
"వేడిగానే ఉంది," అన్నాడు మెల్లిగా,
"ఇప్పుడే ఆపినారు."

ఎవరమూ నవ్వలేదు.
రాత్రి తల్చుకుని పడీపడీ నవ్వినాము, అది వేరే సంగతి.

న్యూట్రల్‌లో ఏసి తోసినాము
మూడు బండ్లు, మైలున్నర.
రాయులు దగ్గు కూడా గుసగుసగా దగ్గినాడు.
గాలి లేదు. ఒక ఈతమట్ట మాత్రం ఇంకా ఊగుతా ఉంది.
అంత పెద్దది
ఎట్ల పోయిందో అంత చప్పుడు లేకుండా,
దానికి ఆ సైలెన్సరు ఎవరు బిగించినారో
అని ఇంతియాజు
దారి పొడుగునా తల ఆడిస్తానే ఉన్నాడు.

రోడ్డెక్కినాక కల్వర్టు మీద సంగటి తిన్నాము.
రెడ్డెప్ప లేచి ఒక ముద్ద
అడవి వైపు గుండు మీద పెట్టొచ్చినాడు.
ఏందిరా అంటే
"టోల్‌గేటు" అన్నాడు, చెయ్యి కడుక్కుంటా.

ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటే
ఇటుకలు కడిగినట్టు ఎర్రగా పారింది.
పండుకున్నా మంచం ఊగతానే ఉంది.
చీకట్లో బొటనవేలు తనంతట తానే
లేని మీటను ఒకసారి ఒత్తి చూసింది.
మళ్లీ ఒత్తబోయి
ఎందుకో
వదిలేసింది.